పాఠం కంటే ముందు పరిగెత్తిన వేలు

ఈడ కూర్చో. కూర్చుని సరిగ్గా విను, చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పించొద్దు, నాకు ఆయాసం. పెన్ను రాస్తుందో లేదో ముందు చూసుకో. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, బాగుండాలని నువ్వేమీ కలపొద్దు. పేర్లు మాత్రం రాయకు. ఆ పల్లె పేరు వద్దు, ఆమె పేరు అసలే వద్దు. ఆమె పేరును ఒకసారి నా అవసరానికి వాడుకున్నాను, అది చాలు.

ఇది డెబ్భైల చివరి మాట. హిందూపురంలో ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో గృహవిజ్ఞానం చెప్పేదాన్ని. ఆ పేరు వింటే నీకు నవ్వొస్తుందని తెలుసు. మీ నాన్న చిన్నప్పుడు వీధిలో పిల్లలకు చెప్పేవాడు, "మా అమ్మ కాలేజీలో ఉప్మా చేసేది నేర్పిస్తాది" అని. ఉప్మా ఒక్కటే కాదు. పిల్లల పోషణ, ఇంటి శుభ్రత, కుట్టుపని అన్నీ ఉండేవి. అన్నీ నల్లబల్ల మీదే ఉండేవి, అదీ నిజమే.

ఆ ఏడాది విశ్వవిద్యాలయం వాళ్లు ఒక కొత్త పేపరు పెట్టారు. అది పరీక్ష రాసి పాసయ్యేది కాదు. పిల్లలు ఏదో ఒక పల్లెకు పోయి, ఏడాది పొడుగునా అక్కడి ఆడవాళ్లకు పనికొచ్చేది ఏదైనా చేయాలి, చేసింది రాసి చూపాలి, దానికి మార్కులు. వాళ్లను వెంటబెట్టుకొని తిప్పాల్సింది లెక్చరరు. స్టాఫ్ రూములో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేనొక్కదాన్నే చెయ్యెత్తాను. సేవ చేయాలన్న కోరికతో ఎత్తానని అప్పుడు అందరికీ చెప్పుకున్నాను. కోరిక లేదని కాదు. కానీ నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. ఆ రెండూ కలిసే నా చెయ్యి ఎత్తించాయి. రాశావా? ఆ రెండూ అని రాయి.

పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఒక పల్లె మాకు దొరికింది. శనివారం పొద్దున హిందూపురంలో బస్సెక్కి, పెనుకొండలో దిగి, రొద్దం బస్సు పట్టుకొని, మధ్యలో దిగి మైలు దూరం నడవాలి. ముందు పద్నాలుగు మంది ఆడపిల్లలు, వెనక గొడుగేసుకొని నేను. మొదటి రోజు మమ్మల్ని చూసి ఒక పెద్దాయన రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమ్మా, ఇంతమంది వచ్చినారు, పిల్లోళ్లు పుట్టకుండా ఆపరేషన్లు చేసేటోళ్లా?"

"కాదప్పా, మేం కాలేజీ వాళ్లం."

"కాలేజీ హిందూపురంలో పెట్టుకోని ఈడికేంటికి వచ్చినారు?"

ఆయన్ను తప్పుకొని బడి దగ్గరికి పోయాం. చేతులు కడుక్కోవడం గురించీ ఆకుకూరల గురించీ పిల్లలు అట్టల మీద బొమ్మలు వేసి తెచ్చారు. బడి వరండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి చెప్పారు. వాళ్లు మర్యాదగా విన్నారు. అంతా అయ్యాక ఒకామె, "శానా బాగా చెప్పినారు అమ్మణ్ణీ, కడుక్కునేదానికి నీళ్లు యాడుండాయో అది గూడా చెప్పి పోండి" అంది. అందరూ నవ్వారు. మా పిల్లలూ నవ్వారు. అప్పుడు నాకు బుద్ధి వచ్చి, "మీకేం కావాలో మీరే చెప్పండి" అన్నాను.

"సదువు" అన్నారు. ఎందుకంటే, "పెనుకొండలో యా బస్సు యాటికి పోతాదో మొగోళ్లని అడక్కుండా ఎక్కాల" అన్నారు.

అది మంచి కోరిక అనిపించింది నాకు. ఇప్పటికీ అనిపిస్తుంది.

ప్రతి శనివారం మధ్యాహ్నం ఆ వరండాలోనే. వాళ్లు చేటల్లో చెనక్కాయలు తెచ్చుకొని వొలుచుకుంటూ వినేవాళ్లు. ఊరికే కూర్చోవడం వాళ్లకు తెలియదు. మా పిల్లలు ఆ గింజలనే నేల మీద పేర్చి అక్షరాలు చేసి చూపేవాళ్లు. అక్షరం రాగానే ఆ గింజలు ఎత్తి నోట్లో వేసుకోవచ్చని ఒక షరతు. "అ తినేసినా, ఇంగ ఆ ఇవ్వండి" అని అడిగేది ఒక ముసలమ్మ. సాయంత్రానికి మా పిల్లల వేళ్లు కూడా వొలిచి వొలిచి ఎర్రబడేవి. ఆ రోజులు బాగుండేవి. తర్వాత జరిగిందానికి ఆ బాగుండటమే నన్ను ఎక్కువ పొడుస్తుంది.

అక్కడికి వచ్చేవాళ్లలో ఒకామె పరుపులు కుట్టే ఇంటి కోడలు. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. మొగుడు దూది ఏకే విల్లు భుజాన వేసుకొని ఊళ్లు తిరిగేవాడు. ఇంట్లో ఈమె, అత్త. అత్త నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. వరండా మెట్ల మీద కూర్చొని కోడల్ని ఆడిపోసుకుంటూనే కోడలి చేటలో కాయలు తనే వొలిచిపెట్టేది. అందరికంటే ఈమె తొందరపడేది. దానికో కారణం ఉంది. ఆ పల్లెకు బాలవాడి వస్తుందని, చిన్నపిల్లల్ని చూసుకోవడానికి చదవడం వచ్చిన ఆడమనిషిని ఆ ఊళ్లోనుంచే తీసుకుంటారని బ్లాకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. చదవడం వచ్చిన ఆడమనిషి ఆ ఊళ్లో ఒక్కరూ లేరు.

"నలుగురు పిల్లోళ్ల ముక్కులు తుడిచేదానికి సదువేంటికే? కొంగు సాలదా?" అనేది అత్త.

"తుడిచినట్టు బుక్కులో రాయాలంట అత్తా!"

ఆమెకు నేర్పే పని మా పిల్లల్లో ఒక నెమ్మదైన అమ్మాయికి అప్పజెప్పాను. పేరు రాయడం మొదటి నెలలోనే వచ్చేసింది. అక్షరాలన్నీ వచ్చాయి. గుణింతాల దగ్గర ఆగింది. కి, కీ తేడా కనిపిస్తే కు, కూ తప్పిపోయేది. రెండు అక్షరాలు కలిపి మాట చేయడానికి ఆమెకు చెమటలు పట్టేవి. కొంచెం కొంచెంగా వస్తోంది, కానీ శనివారానికి శనివారానికి మధ్య ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో సగం జారిపోయేది.

ఇంతలో ఉత్తరం వచ్చింది. విశ్వవిద్యాలయం నుంచి ఆ పేపరు చూసే ప్రొఫెసరు గారు మా పల్లెను చూడటానికి వస్తున్నారు, బ్లాకు ఆఫీసరు కూడా వస్తారు, ఇంక పది రోజులే. వచ్చేవాళ్లకు ఎవరో ఒకరు చదివి వినిపించాలి. ఎవరు? ఎంతమందిని చూసినా ఈమే ముందుంది.

నేను ఆ నెమ్మదైన అమ్మాయిని పిలిచి, "ఆ బావి పాఠం ఆమెకు నోటికి పట్టించు" అన్నాను. పిల్లలే రాసిన పాఠం అది. "మా ఊరి బావి. బావిలో నీళ్లు ఉన్నాయి. నీళ్లు కాచి తాగాలి" అని పెద్ద పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద.

ఆ పిల్ల నావైపు చూసింది. "మేడమ్, ఆమెకి గుణింతాలు ఇంగా రాలేదు. రెండు నెలలుంటే నిజంగానే చదువుతుంది మేడమ్."

"రెండు నెలలు యాడుండాయి? పరీక్షలు వస్తాండాయి గదా మీకు" అన్నాను. ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది. అందుకని ఇంకో మాట కూడా అన్నాను. "మనమంతా ఎట్ల చదువుకున్నాం చెప్పు? ఎక్కాలు ఒప్పజెప్పలేదా? పద్యాలు ఒప్పజెప్పలేదా? ముందు నోటికి వస్తే తర్వాత కంటికి అదే వస్తుంది."

ఆ మాట నమ్మే అన్నాను. నమ్మకపోతే ఇంత బాధ ఉండేది కాదేమో. మా అయ్యవారు బెత్తం పట్టుకొని మాకు అర్థం కాని శ్లోకాలన్నీ ఒప్పజెప్పించాడు, తెలివైన పిల్లనని నన్ను మెచ్చుకున్నాడు. ఒప్పజెప్పడమే చదువని నా ఎముకల్లో ఉంది. కానీ నాకు బడిలో ఇంకా పదేళ్లు మిగిలాయి, ఒప్పజెప్పింది తర్వాత అర్థం చేసుకోవడానికి. ఆమెకు ఇంక రెండు శనివారాలే ఉన్నాయి. అది నాకు తట్టలేదు. తట్టినా పక్కకు తోసేశానేమో, ఇప్పుడు గుర్తు లేదు.

ఆమె వారంలో నేర్చేసుకుంది. ఆమె జ్ఞాపకం గొప్పది. అట్ట ముందు పెట్టుకొని, వేలు పెట్టి, గడగడా చెప్పేసి, నావైపు తిరిగి అడిగింది.

"ఇది సదివినట్టేనా మేడమ్మా?"

"చదివినట్టే" అన్నాను.

ఆమె మొహం వెలిగిపోయింది. అత్త వైపు తిరిగి, "ఇన్నావా, సదివినానంట!" అంది.

రాస్తున్నావా? ఆ ఒక్క మాటే నేను చేసిన తప్పు. మిగతాదంతా దాని వెనకాల వచ్చింది.

వాళ్లు వచ్చిన రోజు వరండాకు మామిడాకులు కట్టారు. ఆమె మంచి చీర కట్టుకొని వచ్చింది. ప్రొఫెసరు గారు, బ్లాకు ఆఫీసరు కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె అట్ట తీసుకొని వేలు పెట్టి మొదలుపెట్టింది. గొంతు వరండా అంతా వినిపిస్తోంది. కానీ నేను వేలు చూస్తున్నాను. వేలు మొదటి వరుస చివరికి పోయింది, నోరు ఇంకా "బావిలో" దగ్గరే ఉంది. వేలు రెండో వరుసకు దిగింది, నోరు మొదటి వరుసలోనే ఉంది. ప్రొఫెసరు గారు కళ్లజోడు సర్దుకొని ముందుకు వంగారు. నేను గబుక్కున మజ్జిగ గ్లాసు తీసుకొని ఆయనకూ ఆమెకూ మధ్యన నిలబడ్డాను. "సార్, ఎండన పడి వచ్చారు, ముందు మజ్జిగ తీసుకోండి" అన్నాను. ఆయన తీసుకున్నారు. నా వెనకాల ఆమె పాఠం పూర్తి చేసింది. ఊరంతా చప్పట్లు కొట్టింది.

బ్లాకు ఆఫీసరు లేచి, "బాలవాడికి ఇంకెవరో ఎందుకు, ఈమెనే పెట్టేద్దాం" అన్నాడు. అత్త ఇంటికి పరిగెత్తి బెల్లం తెచ్చి అందరికీ పంచింది, నాకు రెండు ముక్కలు పెట్టింది. ప్రొఫెసరు గారు తిరిగి పోయాక మా పని గురించి చాలా గొప్పగా రాశారు. మా ప్రిన్సిపాలు ఆ కాగితాన్ని నోటీసు బోర్డులో పెట్టించింది.

తర్వాత పరీక్షలు. పరీక్షలు అయ్యాక సెలవులు. "మళ్లీ వస్తాం, గుణింతాలు పూర్తి చేస్తాం" అని చెప్పి వచ్చాను. కాలేజీ తెరిచాక కొత్త పిల్లలు వచ్చారు. లేపాక్షి దగ్గర ఇంకో పల్లె చూసుకున్నాం, ఒకే బస్సు, నడక లేదు. మార్కులు ఏ ఏటికి ఆ ఏడే గదా, పాత పల్లెకు పోతే కొత్త పిల్లలకు మార్కులు ఎట్ల వేయాలని నన్ను నేనే అడిగి, నేనే సమాధానపడ్డాను.

వానల్లో ఒకరోజు క్లాసు అయి బయటికి వస్తే మెట్ల కింద ఆమె నిలబడి ఉంది. తడిసిపోయి ఉంది. హిందూపురానికి ఒక్కతే రావడం అదే మొదలు. లోపలికి తీసుకుపోయి కూర్చోమంటే కూర్చోలేదు.

"ఎట్ల వచ్చినావు, ఎవరన్నా తోడొచ్చినారా?"

"యా బస్సు అని మొగోళ్లనే అడిగినా మేడమ్మా" అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

బాలవాడి మొదలైందట. పిల్లలు ఆమెను వదిలేవాళ్లు కాదట. పాటలు, ఆటలు అన్నీ బాగానే సాగాయి. ఒకరోజు పాలపొడి మూట వచ్చింది, వెంట ఒక కాగితం వచ్చింది, సూపర్వైజరు కూడా వచ్చింది. పాలపొడికి ఎన్ని నీళ్లు కలపాలో ఆ కాగితం చదివి తల్లులకు చెప్పమంది. తల్లులంతా చుట్టూ నిలబడి ఉన్నారు.

"అప్పుడేం చేసినావు?"

"ఏం చేస్తా? కాగితం పట్టుకున్నా. ఏలు పెట్టినా. మా ఊరి బావి, బావిలో నీళ్లు ఉన్నాయి అని సదివినా. నాకు వచ్చిండేది అదొకటే గదా." తడి కొంగు పిండుకుంది. "నీళ్లు అని వచ్చిందని ముందు ఎవరూ నగలేదు మేడమ్మా. పాలపొడికి నీళ్లేమో అనుకున్నారు. కాచి తాగాలి అనేసరికి సూపర్వైజరమ్మ కాగితం లాక్కుండె. అప్పుడు నగినారు."

ఆ పని పోయింది, పక్క ఊరినుంచి ఇంకెవరినో తెచ్చి పెట్టారు. దాని గురించి ఆమె అడగడానికి రాలేదు.

"పని పోతే పోనీ. ఊర్లో నన్ను దొంగ సదువు సదివిందంటాండారు. ఆఫీసర్లని మోసం చేసిందంటాండారు. మా అత్త గూడా అట్లే అంటాది. అత్త నాతో మాట్లాడేది ఇడిసిపెట్టింది. అది సదువే అనుకున్నా మేడమ్మా నేను. మీరు ఒకసారి వచ్చి, ఆ వరండాలో నిలబడి, నేనే అట్ల నేర్పించినా అని ఒక మాట చెప్పిపోండి. సాలు."

"వచ్చే శనివారం వస్తా" అన్నాను. ఆమె చేతులు పట్టుకొని మరీ అన్నాను.

పోలేదు.

ఎందుకు పోలేదో కూడా చెప్తాను. వరండాలో నిలబడి ఆ మాట చెబితే అది బ్లాకు ఆఫీసుకు పోతుంది. అక్కడి నుంచి ప్రొఫెసరు గారికి పోతుంది. నోటీసు బోర్డులో ఆయన రాసిన కాగితం ఉంది. నా ఉద్యోగం పర్మనెంటు చేసే మీటింగు ఆ నెలలోనే. మీటింగు అయ్యాక పోదాం అనుకున్నాను. మీటింగు అయింది, పర్మనెంటు చేశారు. అప్పుడు ఇన్ని వారాలు ఆగి ఏ మొహం పెట్టుకొని పోవాలి అనుకున్నాను. సిగ్గు అంత సుఖమైన సాకు ఇంకోటి లేదు తల్లీ, దాన్ని అడ్డం పెట్టుకొని ఎన్నేళ్లైనా కూర్చోవచ్చు.

కూర్చున్నాను కూడా. ఎనభైల మధ్యలో అనుకుంటా, కొత్త పిల్లల్ని తీసుకొని ధర్మవరం పోయాను. మగ్గాల ఇళ్లల్లో ఆడవాళ్ల ఆరోగ్యం గురించి మా పిల్లలు ఇల్లిల్లూ అడిగి రాసుకుంటున్నారు. ఒక సందులో ఆడవాళ్లు వరుసగా కూర్చొని రాట్నం మీద పట్టుదారం చుడుతున్నారు. మా అమ్మాయి ఒకామెను అన్నీ అడిగి రాసుకొని, కాగితం ముందుకు చాపి, "ఈడ సంతకం పెట్టక్కా" అంది.

"సంతకం రాదు పాపా. వేలిముద్ర ఏస్తా."

గొంతు నాకు తెలుసు. తలెత్తి చూస్తే ఆమే. పేరు రాయడం ఆమెకు వచ్చు. అది నోటికి పట్టించింది కాదు, నిజంగా వచ్చింది. వచ్చినా సిరా పూసుకున్న బొటనవేలు నా కళ్ల ముందే కాగితం మీద ఒత్తింది.

మా అమ్మాయికి ఏం తెలుసు, పాపం? "మేడమ్, ఈ అక్కకి మనం చదువు నేర్పిద్దామా?" అంది ఉత్సాహంగా.

"మీ మేడమ్మని అడుగు పాపా, నాకు నేర్పించి సూసినారు" అంది ఆమె. రాట్నం ఆపలేదు.

పిల్లల్ని పక్కింటికి పంపించి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆ ఊళ్లో ఉండలేక మొగుడితో వచ్చేసిందట. అతను మగ్గం పని నేర్చుకున్నాడట. నేను తలవంచుకొని, "ఇక్కడికి ఎవరినైనా పంపి నీకు చదువు పూర్తిగా నేర్పిస్తాను, నేనే వస్తాను కావాలంటే" అన్నాను.

"నాకొద్దు. అచ్చరం సూస్తే నగిండేది ఇనపడతాది" అంది. "మీరు ఏమన్నా చేయాలంటే అప్పుడు అడిగిందే చేయండి. మా అత్త ఆ ఊర్లోనే ఉండాది. మంచానబడింది. పోయేలోపల ఆమెకైనా చెప్పండి, కోడలు దొంగ కాదని. నేను చెప్తే నమ్మలేదు. మీరు చెప్తే నమ్ముతాది. బెల్లం పెట్టింది గదా మీకు."

"ఈరోజే పోతాను" అన్నాను.

సాయంత్రం ధర్మవరం నుంచి బస్సులో తిరిగి వస్తున్నాం. పెనుకొండలో బస్సు ఆగింది. ఎదురుగా రొద్దం బస్సు ఇంజను తిప్పుకొని నిలబడి ఉంది. "రొద్దం, రొద్దం, రొద్దం" అని కండక్టరు తలుపు తడుతున్నాడు. ఒళ్లో ఉన్న సంచి భుజానికి తగిలించుకొని లేచాను. లేచి నిలబడ్డాను, ఒట్టు. పిల్లలు పెద్దవాళ్లే, హిందూపురం దాకా వాళ్లంతట వాళ్లు పోగలరు. "ఏం మేడమ్, దిగుతారా?" అని ఒక పిల్ల అడిగింది. "లేదు, కాళ్లు పట్టేశాయి" అని కూర్చున్నాను. రొద్దం బస్సు పోయింది. నేను కిటికీలోంచి దాని వెనక లేచిన దుమ్మును చూస్తూ కూర్చున్నాను.

ఆ ముసలామె ఆ ఏడాదే పోయింది. మా పాత విద్యార్థిని ఒకతి చెప్పింది.

తర్వాత ఆ పేపరు ఇంకా చాలా ఏళ్లు నడిపాను. ఎవరైనా చూడటానికి వస్తున్నారంటే, పల్లెవాళ్లకు రానిది రానట్టే చూపించండి, మార్కులు తగ్గితే తగ్గనీ అని పిల్లలకు చెప్పేదాన్ని. మంచి టీచరమ్మ అని పేరొచ్చింది. తప్పు నేను దిద్దుకున్నాను, దాన్ని మోసింది ఆమె.

ఏమిటి? ఇప్పుడు పోదామంటావా? పోదాం. ఆ బడి ఉందో లేదో, ఆమె ఉందో లేదో. నవ్వినవాళ్లలో ఒక్కరైనా ఉంటారు, లేకపోతే వాళ్ల పిల్లలుంటారు. అక్కడికి పోయాక నా నోరు పెగలకపోతే నువ్వు ఈ కాగితం చదువు. పెద్దగా రాయి, ఇదే ముఖ్యం. "పరుపులు కుట్టే ఇంటి కోడలు ఎవరినీ మోసం చేయలేదు. ఆమెను ఆ అట్ట ముందు నిలబెట్టింది నేను. అది చదువు కాదని తెలిసి కూడా నేను ఆమెకు..."

"అత్తా! సంగటి సల్లగైపోతాండాది, ఇంగ రాండి. రాసింది సాలు, రెండు ముద్దలు తిని రాసుకోండి!"

మీ అమ్మ పిలుస్తాంది. వస్తాండానమ్మా, వస్తాండా. నువ్వు పెన్ను మూయొద్దు, ఒక్క వాక్యమే మిగిలింది. ఏమన్నాను? ఆ, తెలిసి కూడా నేను ఆమెకు, నా నోటితో నేనే, చదివినట్టే అని...